దగ్గులయ్యకి కళ్ళజోడు

మా నాన్న కళ్ళజోళ్ళు చేస్తాడు. అంటే చేసేది నేను, చేశానని చెప్పుకునేది ఆయన. అద్దాలు అరగదీసే మిషను ముందు నేను, కౌంటర్లో వచ్చినవాళ్ళతో కబుర్లాడుతూ ఆయన. మా దుకాణంలో పని పంపకం అంతే, మీరేం నవ్వక్కర్లేదు.

మాకో పాత మోటారుసైకిలుంది. కిక్కు కొడితే ముందు దగ్గుతుంది, తర్వాత ఉలిక్కిపడుతుంది, ఆ తర్వాతే కదులుతుంది. అందుకని దాన్ని దగ్గులయ్య అంటాం. పెళ్ళైన కొత్తలో కొన్నాడట నాన్న. ఇప్పుడది మా వరండాలో సగం ఆక్రమించేసింది. మిగతా సగంలో అమ్మ, అమ్మ కుట్టుమిషను, అమ్మ నోరు.

"ఈ ఇనప దయ్యాన్ని ఇంకెన్నాళ్ళు మేపుతారండీ?" అని రోజూ సాధించేది. కిందటివారం సాధింపుతో ఆగలేదు. బండిని రవాణా ఆఫీసు తనిఖీకి తీసుకెళ్ళే గడువు వచ్చింది కదా, తీర్పు చెప్పేసింది. "నెగ్గితే ఉంచుకోండి. తప్పిందా, అటునుంచటే పాత ఇనుము వాడికి. వాణ్ణి తోపుడుబండి తోసుకుని అక్కడికే రమ్మంటాను. నేనూ వస్తాను, మళ్ళీ మీరు మాట మారుస్తారు."

నాకు మాత్రం ఆ తీర్పు నచ్చలేదు. ఎందుకో చెప్తాను, అమ్మకి మాత్రం చెప్పకండి. అమ్మ కూరలకి వెళ్ళినప్పుడల్లా నాన్న నాకు వెనక సందులో దగ్గులయ్యని నడపడం నేర్పాడు. సందు చివరిదాకా వెళ్ళడం, తిరగడం, మళ్ళీ రావడం. ఎన్నాళ్ళీ బావిలో కప్ప బతుకు? పట్టపగలు, పెద్ద రోడ్డు మీద, తలెత్తుకుని ఒక్కసారి నడపాలని నాకు పిచ్చి. ఆ ఒక్కసారి రాకముందే దాన్ని ముక్కలు చేసేస్తారా!

ఇంజనుకేం ఢోకా లేదు, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా ముందు లైటుతోనే. అద్దం పగిలింది, వెలుగు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. అలాంటి అద్దం ఇప్పుడెవరూ చెయ్యట్లేదని ఊళ్ళో షాపులన్నీ చేతులెత్తేశాయి.

నాన్న గడ్డం గోక్కున్నాడు. "చూపు ఆనని వాళ్ళకి మనమేం చేస్తామే?"

"కళ్ళజోడిస్తాం."

"మరింకేం!"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వాం. అమ్మ కుట్టుమిషను ఆపి, "ఏంటా వికవికలు?" అంది. ఏం లేదన్నాం. ఏం లేదంటే ఏదో ఉందని అమ్మకి తెలుసు, మిషను మళ్ళీ టకటకలాడింది.

లైటు డొప్ప లోపలి తుప్పు గీకి తళతళలాడేలా తోమాం. మంచి బల్బు తెచ్చాం. అద్దం నేనే కోశాను. ఒక పక్క మందంగా, రెండో పక్క పల్చగా అరగదీశాను. వెలుగు మందంగా ఉన్న పక్కకి వంగుతుంది. ఒకటి రెండుగా కనబడేవాళ్ళకి మేం వేసే అద్దం అదే. దాంతో వెలుగు రోడ్డు ఎడమ అంచుకి జరుగుతుంది, ఎదురొచ్చేవాడి కళ్ళలో పడదు. ఈ తెలివి మాకు తప్ప ఎవరికుంది చెప్పండి!

అమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దగ్గులయ్యని దుకాణంలోకి తోశాం. మా దుకాణం ఇరుకు. అందుకని కళ్ళు చూపించుకునే వాళ్ళని నిలువుటద్దం ఎదురుగా కూర్చోబెడతాం. అక్షరాల బోర్డు వాళ్ళ వెనక గోడకి ఉంటుంది, అద్దంలో చూసి చదువుతారు. దుకాణం తెరిచిన రోజుల్లో ఆ అక్షరాలు అమ్మే కుంచెతో రాసింది. కుర్చీ తీసేసి దగ్గులయ్యని నిలబెట్టి లైటు వేశాం. అబ్బ! వెలుగు నిలువుటద్దానికి కొట్టుకుని, వెనక గోడ మీద పళ్ళెమంత పడింది. ఇద్దరం ఆత్రంగా వెనక్కి తిరిగాం.

నాన్న చెయ్యి చాచి లైటు అద్దం తిప్పుతూ, "ఇది బాగుందా... ఇది బాగుందా?" అని వచ్చినవాళ్ళని అడిగినట్టే అడిగాడు.

"మొదటిదే నయం డాక్టరుగారూ. తలనొప్పి కూడా తగ్గింది," అన్నాను దగ్గులయ్య తరఫున.

వెలుగు మా ఎడమచేతి వైపు, అంటే రోడ్డు అంచు వైపు, ఒదిగి నిలబడింది. నాన్న మరలు బిగించాడు. నేను హ్యాండిలుకి ఓ కళ్ళజోడు తగిలించాను. ఇద్దరం దాని చుట్టూ గంతులేశాం.

తనిఖీ నాడు రేకుల షెడ్డులో మేం, గేటు దగ్గర పాత ఇనుము వాడి తోపుడుబండి, మధ్యలో గొడుగు పట్టుకుని అమ్మ. ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూశాడు, తలూపాడు. దగ్గులయ్య దగ్గు విని ఒకడుగు వెనక్కి వేశాడు గానీ దానికీ తలూపాడు. ఎదురుగా తెల్లటి బోర్డు, దాని నడుమ నిలువు గీత. "లైటు వెయ్యమ్మా."

వేశాను. బోర్డు వెలిగిపోయింది. నా మొహం కూడా వెలిగే ఉంటుంది.

"వెలుగు బ్రహ్మాండం," అన్నాడాయన. "కానీ పడాల్సిన పక్క పడట్లేదే. పోయిపోయి ఎదురొచ్చేవాడి కళ్ళలోకే కొడుతోంది. పనికిరాదు." పెన్ను క్యాపు తీశాడు.

"దుకాణంలో సరిగ్గానే పడింది సార్..." అని నాన్న నసుగుతున్నాడు. పాత ఇనుము వాడు తాడు విప్పుకుంటూ లోపలికొచ్చాడు. వాణ్ణి చూస్తే ఒళ్ళు మండిపోయింది, పాపం వాడేం చేశాడని!

అమ్మ వంక చూశాను. సంబరపడుతూ ఉంటుందనుకున్నాను. అమ్మ నొసలు ముడేసి బోర్డుని చూస్తోంది.

"ఒక్క నిమిషం బాబూ, రాయకండి," అంది. "ఏమండీ, దుకాణంలో ఎక్కడ చూసి సర్దారు?"

"వెనక గోడ మీద..."

"అద్దంలోంచి చూశారా, వెనక్కి తిరిగి చూశారా?"

నాన్నా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఈసారి నవ్వు రాలేదు.

"తిరిగే ఉంటారు. గంతులు గోడవతలికి వినిపించాయి. వెనక్కి తిరిగితే మీ ఎడమచెయ్యి బండికి కుడిపక్కకి రాదుటండీ? ఇన్నేళ్ళుగా ఆ గోడతో బతుకుతున్నారు! అద్దంలో చూస్తే తారుమారవుతుందనే కదా అక్షరాలన్నీ తిరగేసి రాశాను. మెడ విరిగేలా రాశాను. తండ్రీకూతుళ్ళిద్దరికీ బుర్రలో మట్టి."

నేనప్పటికే స్క్రూడ్రైవరుతో మరలు ఊడబీకుతున్నాను. పల్చని పక్క అటు, మందం ఇటు, సగం చుట్టు తిప్పి బిగించాను. తొందరలో ఓ మర రెండుసార్లు కింద పడింది. లైటు వేశాను. వెలుగు గీత దాటి, బుద్ధిగా రోడ్డు అంచుకి వెళ్ళి కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు నవ్వాపుకోలేక కాగితం మీద ముద్ర వంకరగా కొట్టాడు. నాన్న ఆయన్ని కావలించుకున్నంత పని చేశాడు.

"మరి నా సంగతేంటమ్మా?" అన్నాడు పాత ఇనుము వాడు.

"ఉండు, నీకూ పనుంది," అంది అమ్మ. నాన్న జబ్బలు చరుచుకుంటూ వెళ్ళి సీటెక్కాడు.

"మీరు దిగండి," అంది. "అమ్మాయి నడుపుతుంది."

"అమ్మా, నీకు..."

"కూరలకి వెళ్ళొచ్చేసరికి ప్రతిసారీ ఇంజను వేడిగా ఉంటే నాకు తెలీదనుకున్నావా? సందులో తిప్పి తిప్పి ఏం నేర్చుకుంటావు? పోనీ పెద్ద రోడ్డు మీదకి వస్తావేమోనని చూస్తున్నా, చూస్తున్నా, రావు! ఆ సందు కోసమైతే ఈ బండెందుకని విసుగొచ్చింది నాకు." గొడుగు మడిచి నాన్న చేతిలో పెట్టి, వెనక ఎక్కి నా భుజం పట్టుకుంది. "మా పెళ్ళైన కొత్తలో నన్నూ నడపనిమ్మన్నాను. నవ్వి ఊరుకున్నాడు మీ నాన్న. నాకు చేతకాదట."

నాన్న గొడుగు వంక చూసుకున్నాడు. "ఇప్పుడు నవ్వట్లేదు కదే," అన్నాడు చిన్నగా.

"రేపట్నించి నాకు నేర్పు," అంది అమ్మ నా చెవిలో.

నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. కిక్కు కొట్టాను. దగ్గులయ్య దగ్గాడు, ఉలిక్కిపడ్డాడు, పెద్ద రోడ్డెక్కాడు. పక్క అద్దంలో చూస్తే వెనకాల పాత ఇనుము వాడు తోస్తున్న తోపుడుబండి మీద, గొడుగు వేసుకుని, కాళ్ళు ఊపుకుంటూ వస్తున్నాడు నాన్న.

"లైటు వెయ్యి," అంది అమ్మ.

"ఎండ మండిపోతోందమ్మా!"

"అయితేనేం? వెయ్యి!"