కణం గేటు దగ్గర రిజిస్టర్

ఆరేళ్లుగా ఆ బడిలో జీవశాస్త్రం టీచరమ్మ ఉద్యోగం గాలిలో దీపమే. బడి తెరవగానే పిలుస్తారు, సెలవులకు ముందు పంపేస్తారు. ఈసారి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆమె పాఠం వింటాడట. నచ్చితే పర్మనెంట్, నచ్చకపోతే ఇంటికే. పాఠం కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పొర.

బోర్డు మీద బొమ్మ గీస్తే పిల్లలు కళ్లు తెరుచుకునే నిద్రపోతారని ఆమెకు తెలుసు. అందుకే పిల్లల్నే పొరగా మార్చేసింది. హాల్లో గుండ్రంగా రెండు వరుసల్లో కాళ్లు చాపి కూర్చోబెట్టింది. ఒక వరుస తలలు బయటివైపు, ఇంకో వరుస తలలు లోపలివైపు, అందరి కాళ్లూ మధ్యలో. తలలకు నీళ్లంటే ఇష్టం, కాళ్లకు గిట్టదు, అందుకే కాళ్లన్నీ మధ్యలో దాక్కుంటాయని చెప్పింది. చెప్పడం వరకు బాగానే ఉంది గానీ, ఎదుటివాడి అరికాలు అందితే చక్కిలిగిలి పెట్టని పిల్లలు ఇంకా పుట్టలేదు. పొరంతా మెలికలు తిరిగిపోయింది.

“పర్లేదు. నిజం పొర కూడా గోడలా బిగుసుకుపోదు, కదులుతూనే ఉంటుంది,” అని సర్దుకుంది.

ఇక గేటు. ఆక్సిజన్ లాంటి చిన్నవి సందుల్లోంచి దూరిపోతాయి. గ్లూకోజ్ మాత్రం పొరలో ఉండే ప్రొటీన్ గేటులోంచే రావాలి. ఆ గేటు మనిషిని చూసి గానీ తెరుచుకోదు. బడిలో అలాంటివాడు ఒక్కడే, వాచ్‌మన్ బాబాయ్. పేరు, టైము, వచ్చిన పని, ఈ మూడు గళ్లూ నింపనిదే కన్నతల్లినైనా లోపలికి వదలడు.

“గ్లూకోజ్ అని రాసిన అట్టముక్క ఉన్నవాళ్లనే వదులు బాబాయ్. నేనొచ్చినా సరే, అట్ట లేకపోతే ఆపెయ్,” అని మరీ మరీ చెప్పింది.

ఆయన ఆపడమే కాదు, రిజిస్టర్ కూడా తెచ్చుకున్నాడు. ఎనిమిది మంది గ్లూకోజులు సంతకం కోసం వరుసలో నిలబడ్డారు. లోపల కేంద్రకంగా కూర్చున్న పిల్లవాడు ఆకలేస్తోందని గోల పెట్టాడు.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మనిషికన్నా ముందు పొట్ట వచ్చింది, వెనక హెడ్‌మాస్టర్. దగ్గర్నుంచి చూద్దామని ఆయన తిన్నగా కణంలోకి నడవబోయాడు. బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“అట్ట ఏదండీ?”

“నేను ఇన్‌స్పెక్టర్‌ని.”

“ఇది గ్లూకోజులకే అండీ.”

హెడ్‌మాస్టర్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. వదిలెయ్యమని టీచరమ్మకు కళ్లతోనే సైగలు చేశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు, బాబాయ్ తప్పుకుంటాడు. కానీ తను చెప్పిన పాఠాన్ని తనే అబద్ధం చేసినట్టవుతుంది. ఆమెకు భయమేసింది, అయినా చెప్పేసింది.

“బాబాయ్ చేసింది కరెక్టేనండీ. మీరు వెళ్లే గేటు కాదది.”

“పోనీ, సందుల్లోంచి వస్తాను.”

పిల్లలంతా ఆయన పొట్ట వైపు చూశారు. ఆయన కూడా చూసుకున్నాడు.

“అయితే నాబోటివాడు బయటే ఉండాలా?”

ఇందాక చక్కిలిగిలి మొదలుపెట్టిన పిల్లే చెయ్యెత్తింది. “పెద్దవాటిని పొరే చుట్టేసి మింగేస్తుంది సార్.”

అందరూ లేచారు. చేతులు పట్టుకుని ఆయన చుట్టూ మూసుకుని, మూటలా లోపలికి ఈడ్చుకుపోయారు. ఒక చెప్పు బయటే ఉండిపోయింది. హెడ్‌మాస్టర్ కుర్చీ వెతుక్కున్నాడు.

బాబాయ్ ఒక చేత్తో చెప్పు, ఒక చేత్తో రిజిస్టర్ పట్టుకుని వెళ్లాడు. “ఎలా వచ్చినా సంతకం తప్పదండీ.”

ఇన్‌స్పెక్టర్ ఆయాసపడుతూనే పేరు రాశాడు, టైము వేశాడు. మూడో గడి దగ్గర కాస్త ఆగి, ఏదో రాసి, పుస్తకం టీచరమ్మకు అందించాడు.

వచ్చిన పని: మేడమ్ గారిని పర్మనెంట్ చేయడం.

ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. బాబాయ్ చటుక్కున పుస్తకం లాక్కున్నాడు.

“తడపకమ్మా. ఇంకా ఆరుగురు గ్లూకోజులున్నారు.”