గోడెక్కిన పెనం

నేను ఒక పోత ఇనప పెనాన్ని. నిదానంగా వేడెక్కుతాను, నిదానంగా చల్లారతాను. మనుషులను నమ్మడానికి కూడా నాకు అంతే సేపు పడుతుంది.

విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో, కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి నన్ను తయారు చేశారు. మొదట ఒక క్యాంటీన్‌వాళ్లు కొన్నారు. అక్కడి వంటమనిషి రోజూ సబ్బుతో తోమి, తడి ఆరకుండానే నేలమీద పడేసేవాడు. ఏడాది తిరక్కుండా తుప్పు పట్టాను. తప్పంతా ఇనుముదేనని తేల్చి పాత సామాన్ల కొట్టుకు పంపేశారు. మనుషుల తీర్పుల మీద నాకు అనుమానం మొదలైంది అక్కడే.

ఆ కొట్లో పైడమ్మ నన్ను చూసింది. వేలితో తట్టి, మోత విని, సంచిలో వేసుకుంది. ఇటుక ముక్కతో తుప్పు గీకింది. నాలుగు రోజులు నూనె రాసి కాల్చింది, ఉల్లిపాయ చెక్కతో రుద్దింది. అయిదో రోజు వేసిన పెసరట్టు అంచులు వాటంతటవే పైకి లేచాయి. పైడమ్మ నవ్వింది. ఆవిడను మాత్రం త్వరగానే నమ్మేశాను.

హార్బరు దగ్గర బస్టాపు పక్కన ఆవిడ పెసరట్ల బండి. పందొమ్మిదేళ్లు అక్కడే కాలాను. రోజూ మొదటి అట్టు గురుమూర్తి మేస్త్రిది. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. అల్లం ఎక్కువ, నూనె తక్కువ. ఆయన అడిగేవాడు కాదు, ఆవిడ మరిచిపోయేది కాదు.

ఆ బండి బతుకు గొప్పదని నేను చెప్పను. వాన వస్తే పిండి మీద గొడుగు పట్టేది, తను తడిసేది. పోలీసులు తీయమంటే తీసేది, వాళ్లు వెళ్లాక మళ్లీ పెట్టేది. తెల్లారినప్పటి నుంచి పదకొండు దాకా గుక్కెడు నీళ్లు తాగేది కాదు. తాగితే వెళ్లడానికి ఆ చుట్టుపక్కల చోటు లేదు. ఎండాకాలంలో నా మీదికి వంగినప్పుడు ఎండిపోయిన ఆ పెదవులను నేను దగ్గర నుంచి చూశాను.

ఒకరోజు నిశాంత్ అనే యువకుడు వచ్చాడు. అట్టును అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. అది చల్లారిపోయాక అంచు తుంచి నోట్లో వేసుకుని, “అమ్మా, చాలా ఒరిజినల్‌గా ఉంది. ఎన్నేళ్ల నుంచి వేస్తున్నారు? మీ అమ్మగారు నేర్పారా?” అన్నాడు. మిగతా అట్టు ఆకులోనే వదిలేశాడు. ఆకలి లేకుండా తిండి దగ్గరికి వచ్చేవాళ్లకు వేరే పనేదో ఉంటుంది. నాకు అనుమానం వచ్చింది.

అతను పాత గోనెసంచుల గోడౌనును ఫుడ్ హాలుగా మారుస్తున్నాడు. పేరు ‘మన సందు’. ఊళ్లో పేరున్న బండ్లవాళ్లందరినీ ఒకే కప్పు కిందికి తెస్తాడట. పైడమ్మను తీసుకెళ్లి చూపించాడు. మర్నాడు ఆవిడ గురుమూర్తి మేస్త్రితో చెబుతుంటే విన్నాను.

“ఏసీ ఉంది, సింకు ఉంది, అయ్యన్నీ సరే గానీ మేస్త్రీ, ఆడోళ్లకి బాత్రూం ఉంది! తలుపుకి గెడ కూడా ఉంది. తిప్పితే నీళ్లొత్తన్నాయి.”

“కాయితం మీద సంతకం పెట్టమంటాడు గదా. ఎవరి సేతైనా సదివించుకోయే.”

“ఆ బాబు సదివి సెప్పాడు.”

“ఆడు కాకుండా ఇంకెవుల సేతైనా.”

ఆవిడ చదివించుకోకుండానే సంతకం పెట్టేసింది. ఆవిడను నేను తప్పు పట్టలేదు. పందొమ్మిదేళ్లు దాహం బిగబట్టిన మనిషికి గెడ ఉన్న తలుపు ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు.

హాల్లో గోడ నిండా వీధి బొమ్మ వేశారు. కరెంటు స్తంభం, దాని మీద కాకి, కింద ఒక బండి, బండి దగ్గర నవ్వుతున్న పైడమ్మ. ఆ వీధిలో ఎండ లేదు, దుమ్ము లేదు, పోలీసులు లేరు. జనం విరగబడ్డారు. పైడమ్మ కొత్త చీర కట్టుకుంది, మంచినీళ్ల సీసా పక్కన పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు తాగింది. మొదటి నెల రోజులు ఆవిడ సంతోషంగానే ఉంది. నా అనుమానమే తప్పేమో అనుకున్నాను.

అప్పుడు గురుమూర్తి మేస్త్రి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల ఎత్తి బోర్డు చదివాడు. బండి మీద నలభై రూపాయలున్న అట్టు అక్కడ రెండు వందల ఇరవై. రెండోసారి కూడా చదివాడు.

“కూకో మేస్త్రీ, ఏసేత్తాను,” అంది పైడమ్మ.

“ఒద్దమ్మా. కడుపు నిండుగా ఉంది. నిన్ను సూసెల్దారని వొచ్చాను.”

ఆవిడ వినలేదు. అల్లం ఎక్కువ, నూనె తక్కువ వేసి నా మీద తిప్పింది. కౌంటరు దగ్గరి అమ్మాయి మెల్లిగా, “ఆంటీ, బిల్లు లేకుండా ప్లేటు బయటికి వెళ్లకూడదు,” అంది. పైడమ్మ అట్టు తీసి పళ్లెంలో పెట్టి తల ఎత్తేసరికి మేస్త్రి లేడు. ఆ అట్టును ఆవిడ తినలేదు, పారేయలేదు. హాలు మూసేదాకా పక్కనే ఉంచుకుంది.

తరువాత హైదరాబాదు నుంచి ఒక షెఫ్ వచ్చాడు. చిన్న త్రాసు తెచ్చాడు. పైడమ్మ గుప్పెట పట్టిన పెసలు, చిటికెడు జీలకర్ర, తరిగిన అల్లం, అన్నీ త్రాసులో వేయించి రాసుకున్నాడు. చాలా మర్యాదస్థుడు. మూడు వారాలూ ఆవిడను “గురూజీ” అనే పిలిచాడు. నాలుగో వారం నుంచి పిండి ప్యాకెట్లలో వచ్చింది.

ఆ పిండి నాకు అంటుకుపోయింది. నేను కావాలని చేయలేదు. పైడమ్మ వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

“ఇది నా పిండి కాదు బాబూ.”

“మీదేనమ్మా. గ్రాముతో సహా మీదే,” అన్నాడు నిశాంత్. “మీరింక కష్టపడొద్దు. ఇక్కడ స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడండి చాలు.”

ఆవిడ ఆరు రోజులు నవ్వింది. ఏడో రోజు రాలేదు.

ఆవిడ వెళ్లింది గానీ ఆవిడ పేరు వెళ్లలేదు. అది కాగితంలో ఉందట. నేనూ ఉన్నానట. పిండి అంటుకోని కొత్త పెనం పొయ్యి మీదికి వచ్చింది. నాకు మెరిసే వార్నిష్ పూసి, గోడకు బిగించి, చుట్టూ ప్లాస్టిక్ బంతిపూల దండ వేశారు. కింద ఇత్తడి రేకు మీద ‘పైడమ్మ, 2004–2023’ అని చెక్కించారు. నేను బండి మీద కాలిన సంవత్సరాలవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పైడమ్మ వరుసలో నిలబడి కనిపించింది. రెండు వందల ఇరవై ఇచ్చి టోకెను తీసుకుంది. అట్టు వచ్చింది. ఒక ముక్క తిని పళ్లెం వెనక్కి నెట్టింది.

“అందరూ ఇనండి!” ఆ గొంతు బస్టాపు దాకా వినిపించే గొంతు. “ఇది పైడమ్మ అట్టు కాదు. పైడమ్మని నానే. నాను ఎయ్యలేదు, నా పిండి కాదు. ఆ పేరు తీసీమనండి, నా పెనం నాకిచ్చీమనండి!”

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. తరువాత ఎవరో చప్పట్లు కొట్టారు. మరొకరు ఫోను ఎత్తారు. “ఎంత బాగా యాక్ట్ చేస్తోందో! అచ్చం గోడ మీద బొమ్మలాగే ఉంది,” అన్నది ఒకామె. చప్పట్లు పెరిగాయి. నిశాంత్ పరుగున వచ్చి, “సూపరమ్మా! ప్రతి ఆదివారం రాగలరా?” అన్నాడు.

పైడమ్మ అతని వైపు చూడలేదు. జనాన్ని చూసింది, ఒక్కొక్క మొహాన్నీ. ఆ మొహాల్లో చెడ్డతనం లేదు. అందరూ ఆనందిస్తున్నారు. నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. వాళ్లు తలుపు దాకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆవిడ మళ్లీ బండి పెట్టిందని నాకు తెలిసింది ఎర్నమ్మ వల్ల. ఎర్నమ్మ ఈ హాల్లో నేల తుడుస్తుంది. పనిలోకి వచ్చేముందు రోజూ ఆ బండి దగ్గరే తింటుంది.

మొన్న ఒకామె నా ముందు ఆగింది. ఇత్తడి రేకు చదివి, చెప్పులు విప్పి, నాకు దణ్ణం పెట్టింది. కళ్లు తుడుచుకుని ఎర్నమ్మను అడిగింది.

“పాపం, పెద్దావిడ ఎలా పోయారు?”

“ఎవులు, పైడమ్మా? పోడమేటమ్మా! పొద్దున్నే నన్ను తిట్టింది, మూడోసారి సెట్నీ అడిగానని.”

ఆమె మొహం వెలిగిపోయింది. వెంటనే ఫోను తీసింది. “నిజంగానా? ఎక్కడ? కరెక్టుగా చెప్పు, వెళ్లి వీడియో తీస్తాను. నన్ను ఫాలో అయ్యేవాళ్లు లక్షమంది ఉన్నారు. ఒక్కరోజులో ఎక్కడికో తీసుకెళ్లిపోతాను ఆవిణ్ణి.”

ఎర్నమ్మ ఆ ఫోను వైపు చూసింది. తల ఎత్తి దండ వేసి ఉన్న నన్ను చూసింది. తుడిచే కర్రను బకెట్లో ముంచి పిండింది.

“ఏమోనమ్మా,” అంది. “ఎక్కడుంటాదో ఏటో, నాకు తెల్దు. కాస్త కాలు తియ్యండి, నేల తుడవాల.”