అక్క దాచిన మాట

ప్రోగ్రాం యంత్రభాషలోకి మారాక మిగతాదంతా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది గానీ, మనం రాసిన మాటలు మాత్రం అలాగే ఉండిపోతాయి. పాస్‌వర్డ్ కూడా అంతే, సిగ్గూ ఎగ్గూ లేకుండా బయటపడి ఉంటుంది. అలాంటివాటిని వెతికి, ఎవరికీ అర్థం కాకుండా కలగాపులగం చెయ్యడం నా ఉద్యోగం. ప్రోగ్రాం నడిచేటప్పుడు వాటిని తనే విప్పుకుని, వాడుకుని, చెరిపేస్తుంది.

ఆసుపత్రుల్లో మందులిచ్చే యంత్రాలకు ప్రోగ్రాంలు రాసేది మా అక్క. వాటిని మొదట చదివేది నేనేనని తెలుసు కాబట్టి ప్రతిదాంట్లోనూ ఓ మూల "మొండిఘటమా, తిన్నావా?" అని పెట్టేది. యంత్రానికి దాంతో పనేమీ లేదు. నాకు ఒళ్లు మండేది. పక్క గదిలోనే ఉంది కదా, వచ్చి అడగడానికేం రోగం? నాలుగు చీవాట్లు పెట్టి చెరిపేసేదాన్ని. అక్క నవ్వేసి, తన టిఫిన్ డబ్బా నా బల్ల మీద పెట్టిపోయేది.

ఆ అక్క పోయింది. గుండెపోటు, ఒక్క మాటైనా చెప్పకుండా. పక్క గదిలో ఇప్పుడు పాడైపోయిన ప్రింటర్లు పడేశారు. ఇంట్లోనూ నేనొక్కదాన్నే. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు.

అక్క చివరగా రాసిన ప్రోగ్రాం ఇవాళ నా దగ్గరికొచ్చింది. పాస్‌వర్డ్ దొరికింది. దాని కిందే ఆ మాట. ఏడుపు తన్నుకొచ్చింది.

మేనేజరు అటుగా వచ్చి చూశాడు.

"అక్కరలేనివి తీసెయ్యమ్మా. చదవగలిగే మాట ఒక్కటీ మిగలకూడదు," అన్నాడు మెల్లగా.

ఆ నియమం పెట్టించింది నేనే. ఆ మాటను కాగితం మీద రాసుకోవచ్చు. కానీ నా చేత్తో రాసుకుంటే అది అక్క అడిగినట్టవుతుందా?

చెరపలేదు. పాస్‌వర్డును దాచినట్టే దాన్నీ దాచాను. యంత్రం మొదలవ్వగానే విప్పుకునేలా, వెంటనే తుడిచేసేలా. మళ్లీ వెతికితే చదవగలిగిందేదీ దొరకలేదు. తనిఖీ కాగితం మీద అలాగే రాసి సంతకం పెట్టాను.

ఇక రోజూ పొద్దున్నే ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో ఎవరో స్విచ్ వేస్తారు. లోపల ఒక్క క్షణం అక్క అడుగుతుంది. తెర మీదికేమీ రాదు.

"ఇంకా తిన్లేదక్కా," అన్నాను పైకే.

మేనేజరు తన బల్ల దగ్గర్నుంచి తలెత్తి ఏమిటమ్మా అని అడిగాడు. ఏం లేదండీ అన్నాను.