ఎవరి అర వాళ్లది

మా ఇంట్లో ఫ్రిజ్‌కు సరిహద్దులున్నాయి. పై అర మా అత్తగారిది, మధ్యది మా ఆయనది, దాని కిందది నాది. ఎవరి అర వాళ్లు తుడుచుకోవాలి, పక్క అరలో వేలు పెట్టకూడదు. మామగారు బతికున్న రోజుల్లో పెట్టిన చట్టమిది. భర్తతో పడలేక వచ్చేసిన మా ఆడపడుచుకు అన్నిటికంటే అడుగున ఉన్న సొరుగు ఇచ్చారు. కన్నకూతురికి పుట్టింట్లో దక్కిన చోటు అంతే.

తను వచ్చిన రెండో నెలలో ఫ్రిజ్ కంపు కొట్టడం మొదలైంది. తలుపు తీస్తే చాలు, ఆ వాసన వంటగది దాటి హాల్లోకి వచ్చేది.

"ఇన్నేళ్లుగా వాడుతున్నాం, ఏనాడైనా ఇలా వచ్చిందా?" అన్నారు అత్తగారు, కూతురు వినేలాగే. ఆడపడుచు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అక్కడి సీసాలేవో తెచ్చి ఫ్రిజ్‌లో పెడుతోందని అత్తగారి అనుమానం.

"ముందు దాని సొరుగు చూడండి," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

పాపం, ఆ పిల్ల రోజూ పొద్దున్నే సొరుగు బయటికి లాగి, వేడినీళ్లలో వంటసోడా కలిపి తోమేది. నిమ్మచెక్కలు పెట్టింది, గిన్నెలో కాఫీపొడి పోసి పెట్టింది. వాసన అంగుళం కదల్లేదు. చివరికి తన భోజనం డబ్బా ఫ్రిజ్‌లో పెట్టడమే మానేసి, బయట తినడం మొదలుపెట్టింది. అయినా వాసన పోకపోతే, "పట్టేసింది, అంత తొందరగా వదలదు," అన్నారు అత్తగారు.

ఇంత కోపంగా చెబుతున్నాను గానీ, నేను మాత్రం ఏం వెలగబెట్టాను? డబ్బా పెట్టిన రోజుల్లో, తను స్నానానికి వెళ్లగానే మూత తీసి వాసన చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఉడికించిన కూరగాయలు తప్ప ఏమీ లేవు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు, "మీ ల్యాబు పక్కన ఆడవాళ్ల హాస్టల్ ఉందటగా," అన్నారు. ఆడపడుచు తలూపింది. మర్నాడు రెండు సంచులు సర్దుకుంది.

"పోనీలే వదినా, నావల్ల అందరికీ ఇబ్బంది," అంది గుమ్మంలో చెప్పులేసుకుంటూ.

మంగళవారం తలుపు తీస్తే అదే కంపు. నాకు ఒళ్లు మండిపోయింది. లోపలి సామానంతా నేల మీద పెట్టి, ఫ్రిజ్‌ను గోడ దగ్గర్నుంచి ముందుకు లాగాను. వెనక, మోటారు మీద, లోపలి నీళ్లు కారి చేరే ప్లాస్టిక్ పళ్లెం ఒకటి ఉంది. అందులో విరిగి, పచ్చగా బూజు పట్టిన పాలు.

"ఎప్పుడో నా పాలప్యాకెట్ చిరిగిందిలే," అన్నారు మా ఆయన. "నా అర శుభ్రంగా తుడిచేశానే."

తుడిచారు మహానుభావుడు. తన గాజుపలక తళతళలాడేలా తుడిచారు. ఫ్రిజ్ లోపలి వెనక గోడ వెంట కారి, అడుగున ఉన్న కన్నంలోంచి పళ్లెంలోకి దిగిన పాలు మాత్రం ఆయనకు పట్టలేదు. అది ఎవరి అరా కాదుగా మరి.

పళ్లెం కడిగి ఎండబెట్టి, కన్నంలో వేడినీళ్లు పోశాను. సాయంత్రానికి వాసన మాయమైంది.

"అన్యాయంగా దాన్ని వెళ్లగొట్టాం కదండీ," అన్నాను.

"ఎవరు వెళ్లగొట్టారు? తనే వెళ్లింది. వాసన పోయిందిగా, ఇంకెందుకు రాద్ధాంతం," అన్నారు.

అత్తగారు ఆ పాటికే అడుగు సొరుగులో వంకాయలు సర్దేస్తున్నారు.

నేను మేడ మీదికి వెళ్లి ఆడపడుచుకు ఫోన్ చేశాను.

"వాసన పోయిందా వదినా?" అంది, నేను నోరు తెరవక ముందే.

"పోయింది."

"చూశావా, నేను వచ్చెయ్యగానే పోయింది," అని నవ్వింది. నిజంగానే నమ్మింది, పిచ్చిది. తన ఒంటికే ఏదో అంటుకుని ఉందనుకుంది.

జరిగిందంతా చెప్పాను. దొంగచాటుగా డబ్బా వాసన చూసిన సంగతి కూడా చెప్పాను.

"అన్నయ్యకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

ఆయన అన్న మాట దానికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.