కణాల గది బయట విడిచిన చెప్పులు

అది కాదు అమ్మడూ, పుస్తకాల్లో రాసినట్టు రాయకు. నేనన్నది అన్నట్టే రాయి. మెల్లగానే చెప్తాలే.

నా చెల్లెలు, అంటే మీ అమ్మకి మేనత్త, ఒక ప్రయోగశాలలో చేసే పనేంటంటే కణాలకి తిండి పెట్టడం. పిండం తొలిరోజుల్లో ఉండే కణాలంట. గుండె అవ్వాలో చర్మం అవ్వాలో ఇంకా తేల్చుకోని పసివి. వాటిని బుజ్జగించి లివరు కణాలుగా మార్చాలని అక్కడి డాక్టరమ్మ పట్టుదల. తిండంటే గులాబీ రంగు నీళ్ళు. ఒక్కో దశలో ఒక్కో మందు కలుపుతారు. రోజూ పాతది పీల్చేసి కొత్తది పొయ్యాలి. వాటికి ఆదివారం లేదు. చెల్లెలికీ లేదు.

ఆ పొయ్యడం కూడా మీద పోస్తే కణాలు లేచిపోతాయి. గిన్నె గోడ వెంబడి జారవిడవాలి. ఆ అలవాటు ఇంటికొచ్చేసింది. మనకి మంచినీళ్ళిచ్చినా గ్లాసు వంచి గోడ వెంబడే పోసేది. గొంతెండిపోతున్నవాడు చూస్తా కూచోవాలి. నేనేమన్నా కణాన్నా, గబుక్కున పొయ్యవే అనేవాణ్ణి.

"కణాలే నయం అన్నయ్యా, నోరు మూసుకుని తాగుతాయి" అనేది.

ఒక ఆదివారం అందరం కలిసి ఫోటో దిగాలని దాని కూతురు, అదే మీ అత్త, పట్టుబట్టింది. అప్పుడే ఉద్యోగంలో చేరింది. వాళ్ళమ్మకి చెప్పులు కొనుక్కొచ్చింది. ముదురాకుపచ్చవి, పక్కన చిన్న బకిలు. ఇవేసుకునే ఫోటోలో నిలబడాలని మరీ మరీ చెప్పింది. చిన్నప్పట్నుంచీ మీ అత్తకి ఒకటే బాధ, అమ్మకి నాకంటే ఆ గిన్నెలే ముద్దని.

పొద్దున్నే చెల్లెలు ఆ చెప్పులేసుకునే పనికి బయల్దేరింది. స్కూటరు మీద నేనే దించా. దారంతా వంగి వంగి కాళ్ళు చూసుకుంటానే ఉంది. గేటు దగ్గర స్కూటరు తిప్పుతుంటే గుంటలో నీళ్ళు చిందాయి. ఎడమ చెప్పు మీద ఇంత బురద పడింది. ఇంక చూడు, బండి తోలడం రాదన్న దగ్గర్నుంచి మొదలెట్టి నా చిన్నప్పటి తప్పులన్నీ ఏకరువు పెట్టింది. ఇంటికెళ్ళాక తుడుస్తాలే అని లోపలికెళ్ళింది.

ఆ కణాలుండే గది బయట చెప్పుల అర ఉంటుంది. బయటి చెప్పులు అక్కడ విడిచి, వాళ్ళ నీలం రబ్బరు చెప్పులేసుకుని లోపలికెళ్ళాలి. నేను బల్ల మీద కూచుని అద్దంలోంచి చూస్తున్నా. అంతకుముందు ఎన్నిసార్లో చచ్చిపోయాయి ఆ కణాలు. బతికినవి లివరు కాకుండా ఇంకేదో అయి కూచునేవి. ఆ రోజు డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి, పక్కకి జరిగి చెల్లెల్ని చూడమంది. చెల్లెలు చూసింది. తర్వాత ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతడమే.

బయటికి పరిగెత్తుకొచ్చింది. "లివరే అన్నయ్యా! గచ్చు మీద పలకలు పరిచినట్టు, మూలలు మూలలుగా, ఒకదాన్నొకటి ఆనుకుని కూచున్నాయి. లివరు చేసే ప్రోటీను కూడా నీళ్ళలోకి వదులుతున్నాయంట."

అంతలో ఫోటో గుర్తొచ్చింది. అయ్యో అంటా ఎగిరి బండెక్కింది. దాని కాళ్ళు అదీ చూసుకోలేదు, నేనూ చూళ్ళేదు.

ఫోటోవాడు అందర్నీ వరసలో నిలబెట్టాక మీ అత్త కిందికి చూసింది. వాళ్ళమ్మ కాళ్ళకి నీలం రబ్బరు చెప్పులు.

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా అమ్మా."

"వేసుకునే వెళ్ళానే. అక్కడే మర్చిపోయా. రేపు తెస్తాగా."

"కొత్త చెప్పులు ఎవరన్నా మర్చిపోతారా?"

నిజమేనే, మీ అమ్మ వేసుకునే వెళ్ళింది అన్నా నేను. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకటే అని మూతి తిప్పుకుంది. ఫోటోలో మీ అత్త బుంగమూతి, వాళ్ళమ్మ నోరంతా నవ్వు. ఆ నవ్వు దేనికో అడిగినవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున్న చెల్లెలు జడ వేసుకుంటా కుర్చీలో కూచుంది. సగం జడతోనే పోయింది. నొప్పి లేదు, హడావిడి లేదు. ఆ ఏడుపుల్లో చెప్పుల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇన్నేళ్ళకి మొన్న ఫోన్లో మీ అత్త ఆ ఫోటో మాటెత్తింది. "అమ్మ చివరికి నాకు అబద్ధం చెప్పి పోయింది మావయ్యా, నన్ను ఊరుకోబెట్టడానికి" అంది. నా మాట అప్పుడే నమ్మలేదు, చూపిద్దామంటే నా దగ్గర సాక్ష్యమూ లేదు.

నిన్న డాక్టరమ్మ మనిషిని పంపింది. ప్రయోగశాల వేరే భవనంలోకి మారుతోందంట. చెప్పుల అర ఖాళీ చేస్తుంటే అడుగున దొరికాయంట. సంచిలో పెట్టి పంపింది.

ఇదంతా మీ అత్తకి ఫోన్లో చదివి వినిపించు అమ్మడూ. మధ్యలో ఏడిస్తే ఆగి, మళ్ళీ మొదలెట్టు. వచ్చి తీసుకెళ్ళమను. పట్టీ మడత పడి ఉంది, లోపల బొటనవేలి గుర్తుంది. ఎడమ చెప్పు మీద బురద నేను తుడవలేదు, అలాగే ఉంచా.