నెమ్ము

పద్మజ టీచరు పడకగది గోడను సోములు వేలితో గీరాడు. రంగు పొట్టులా రాలింది. గోడ చల్లగా ఉంది కాని నీళ్లు కారడం లేదు.

"నెమ్మేనమ్మా. పైపు లీకు గాదు. కొత్త గోడ, లోపల తడింకా ఆరలేదు. బీరువా గోడకానించీసినారు, గాలెలాగ ఆడతాది? అది జరిపి, పగలు కిటికీలు తీసెట్టండి. అదే తగ్గిపోతాది."

"ఏడాది గ్యారంటీ ఈ వారంతో అయిపోతుంది. తగ్గకపోతే ఎవరిని అడగాలి?" అంది టీచరు. ఆవిడ మాటా న్యాయమే.

విమానాశ్రయం వస్తుందని భోగాపురం పక్కన వేసిన ఆ కాలనీలో ఇళ్లన్నీ ఒకేసారి అప్పగించారు, గ్యారంటీలూ ఒకేసారి తీరిపోతున్నాయి. ఏడాదంతా గుర్తురాని బీటలు, బిగుసుకుపోయిన తలుపులు, కారే కుళాయిలు ఇప్పుడు అందరికీ గుర్తొచ్చాయి. అందరికీ సోములే కావాలి. ఒళ్లు సహకరించినన్నాళ్లు తాపీ పట్టాడు. మోకాళ్లు అరిగాక ఆ ఇళ్లు కట్టిన కంపెనీ అతన్ని మరమ్మతులకు పెట్టుకుంది. ఆ ఇళ్లలో అతని పేరు ఎవరికీ తెలియదు. మేస్త్రీ అంటే పలుకుతాడు, అంతే. సొంత ఊళ్లోనూ అదే పిలుపు.

నిజానికి ఈ రోజు అతను ఇక్కడ ఉండాల్సినవాడు కాదు. భార్య చిన్నతల్లి వారం దాటి దగ్గుతో మంచం దిగలేదు. ఛాతీకి నెమ్ము చేరింది, విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని ఊళ్లో డాక్టరు చెప్పాడు. పొద్దున్నే సెలవడిగితే సూపర్‌వైజరు మోహనకృష్ణ, "ఈ ఒక్కరోజూ లాగించు మేస్త్రీ, రేపు వెళ్దువుగాని" అన్నాడు. ఎదురు చెప్పడం సోములుకు చేతకాదు. ఆ చేతకానితనానికే పాపం మంచివాడన్న పేరు వచ్చింది.

"సందేళకొచ్చి తీసుకెల్తాను, అందాకా ఓర్సుకో" అన్నాడు ఇంట్లో.

"ఎల్లు. ఆ ఇల్లలోల్లు కాసుకునుంటారు" అంది చిన్నతల్లి దగ్గు మధ్య. కోపంగా అందో, మామూలుగా అందో, దారంతా తేల్చుకోలేకపోయాడు.

మధ్యాహ్నం దాటినా అన్నం డబ్బా మూత తీయలేదు. ఆకలీ లేదు. ఒకరి ఇంట్లో మెట్ల కింద బీటకు సిమెంటు కూరుతున్నాడు. పక్కనే వంటగది గట్టుకు రాయి కోస్తున్నారు. ఆ రొదలో ఫోను మోగింది. కొత్త నంబరు. పొద్దుటి నుంచి వచ్చినవన్నీ కొత్త నంబర్లే. ఆడగొంతు మొదట అన్నదేదీ వినబడలేదు.

"...నెమ్ము బాగా ఎక్కువైపోనాది మేస్త్రీ. ఏటి సెయ్యమంటావు?"

ఏ ఇల్లని అడగాలి. రోజూ అడుగుతాడు. ఆ పూట అడిగే ఓపిక లేకపోయింది.

"కంగారు పడకండి. కిటికీలు తీసెట్టండి, అదే తగ్గిపోతాది. సందేళ నేనొచ్చి సూస్తాను" అని పెట్టేశాడు.

దీపాలవేళకు రామతీర్థం దగ్గర బస్సు దిగి, ఆసుపత్రికని అక్కడే ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చాడు. వాకిట్లో ఆటో ఆగగానే అరుగు మీది ఆడవాళ్లు లేచి దారిచ్చారు. ఎవరూ ఏడవడం లేదు. అప్పటికే ఏడ్చి అలసిపోయినట్టున్నారు. ఆటోవాడు లోపలికి ఒకసారి చూసి ఇంజను ఆపేశాడు.

చిన్నతల్లిని నేల మీద చాపలో పడుకోబెట్టారు. సోములు ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. పొరుగింటి కూర్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఊపిరందట్లేదు, సిన్నతల్లికి నెమ్మెక్కువైపోనాదని మా కోడలి ఫోన్లోంచి సేసినాను గదా. ఆటో ఎక్కించీమంటావనుకున్నాను. కిటికీలు తీసెట్టండన్నావు. ఎప్పుడూ లేంది నన్ను మీరంటే, పక్కన ఆఫీసరెవులైనా ఉన్నారేమోననుకున్నాను." కూర్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వొస్తానన్నావని ఆగినాం మేస్త్రీ. సెప్పినట్టే సేసినాం."

తానేం విన్నాడో, ఎవరనుకున్నాడో చెప్పాలని సోములు నోరు తెరిచాడు. ఎలా చెప్పడం? చిన్నతల్లి వింటుందేమోనని భయం వేసింది.

"అవునప్పా" అన్నాడు కూర్మమ్మతో.

మంచం పక్క కిటికీ కొక్కెం ఊడి చాలాకాలమైంది. ఊరందరి ఇళ్లకూ కొక్కేలు బిగించే మనిషికి సొంత ఇంటికి తీరిక దొరకలేదు. గాలికి మూసుకుపోకుండా, రెక్కకూ చట్రానికీ మధ్య చిన్నతల్లి రబ్బరు చెప్పు దోపి ఉంది.