స్టీలు గ్లాసుల్లో తెల్ల వైను

మా అల్లుడు నవీన్ కుమార్ బెంగుళూరు నుంచి జమ్మలమడుగుకు వస్తా వస్తా ప్రొద్దుటూరులో దిగి నాలుగు సీసాల తెల్ల వైను కొనుక్కొచ్చినాడు. మామిడిపండ్లు తెస్తాడనుకున్న నాకు బాగా బుద్ధొచ్చింది. ఆయప్పకు ఫోన్లో ఒక పేజీ ఉందంట. ఎండాకాలం భోజనంలోకి తక్కువ ధరలో ఏ వైను బాగుంటాదో అందులో రాస్తాడంట. మజ్జిగ అనేది ఒకటుందని ఆ పిల్లోనికి ఇంకా ఎవురూ చెప్పినట్లు లేదు, పాపం.

"అత్తా, నువ్వే రుచి చూసి చెప్పాల. ముప్పై ఏండ్లు చర్చికి ద్రాక్షరసం చేసిన చెయ్యి నీది," అన్నాడు.

ఆ మాట మాత్రం నిజమే. నెలకోసారి ప్రభువు బల్లప్పుడు చర్చిలో అందరూ తాగే రసం నేనే చేసేది. ఇప్పుడొక కొత్త పాస్టరయ్య వచ్చి, అంగట్లో డబ్బా రసం కొందామని కమిటీలో పెట్టినాడు. శనివారం తేల్చేస్తారంట. ఆ పని పోతే ఈ దీవెనమ్మను ఎవురు గుర్తుపెట్టుకుంటారు? రిటైరైన టీచరమ్మలు వీధికి ముగ్గురుండారు. నా నాలుక గొప్పతనం అల్లుని పేజీలో పడితే పాస్టరయ్య మొగం ముందర పెట్టొచ్చు అనుకుంటి. అందుకే సరే అన్నా.

మధ్యాన్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి వడ్డించినా. మా కూతురు కెరోలిన్ వంటింట్లో పోసి ఒక్కో స్టీలు గ్లాసు వరసగా తెచ్చింది. మొత్తం ఐదంట. నన్ను పరీక్షించేదానికి ఒకటి రెండుసార్లు పోస్తారంట. అల్లుడు గ్లాసు తిప్పి తిప్పి లోపలికి చూస్తాండు. స్టీలు గ్లాసులో ఏం కనపడిందో ఆ దేవునికే తెలియాల.

"కోసిన పచ్చిగడ్డి వాసన వస్తాంది కదా అత్తా?"

"గడ్డి కావాలంటే పక్కింటి బర్రె ముందర శానా ఉంది నాయనా. దానికి దుడ్లు పెట్టి కొనాల్నా?"

మొదటిది పుల్ల నీళ్లు. రెండోది చక్కెర నీళ్లు. మూడోది, ఉన్నమాట చెప్పాల, కోడిపులుసు కారానికి బాగానే కుదిరింది, ఇంకో గుటక తాగినా. నాలుగోది తాగినట్లే లేదు.

ఐదోది నోట్లో పోసుకొని ఊంచేసినా. "థూ! ఇదేందిది? దగ్గు మందులో లవంగాలు నూరినట్లుంది. పైగా మామిడికాయ ఊరగాయ వాసన! చేసినోడెవుడో జాడీ సరిగ్గా కడగనే లేదు. ఇట్లాంటిది జనాలకు తాపేదానికి సిగ్గుండొద్దా?"

కెరోలిన్ తల వంచుకొని సంగటి పిసుకుతాంది. అల్లుడు పెన్ను మూసినాడు.

"అది నీదే అత్తా. పులివెందులలో కొన్న పచ్చ ద్రాక్షతో ఈస్టరుకు చేసినావే, అది. కొన్నవాటికంటే నీదే మేలని నీ నోటితోనే చెప్పించి రాద్దామనుకున్నా."

మా ఇంట్లో ఉండేది ఒకటే జాడీ. ఊరగాయ అయిపోతే రసం, రసం అయిపోతే ఊరగాయ. ఒక్కొక్కరి మొగం చూసినా. మా ఇంటాయన ఆనందయ్య మాత్రం తలెత్తకుండా తింటాండు. చర్చిలో పెద్దాయన ఆయనే, రసం గిన్నె మొదట అందుకునేది ఆయనే.

"నీకు తెలుసునా?" అని అడిగినా.

"తెలుసు."

"ముప్పై ఏండ్లనుంచీ?"

"ఇరవై తొమ్మిది. మొదటి ఏడాది జాడీ కొత్తది," అన్నాడు.

శనివారం కమిటీలో వాళ్లు నోరు తెరవకముందే నేను లేచినా. "నాకు వయసైపోయింది. ఇంక చేత కాదు. డబ్బా రసమే తెప్పించుకోండి," అన్నా. "అట్లనొద్దమ్మా, నువ్వే చెయ్యాల," అని ఒక్కరన్నా అంటారేమోనని కొంచేపు అట్లే నిలబడినా. నిజం చెప్తాండా, నిలబడినా. ఒక్కరూ అనలే. పాస్టరయ్య ప్రార్థన చేసి, దీవెనమ్మ తీసుకున్న ఈ మంచి నిర్ణయానికి దేవునికి స్తోత్రం అన్నాడు.

ముప్పై ఏండ్లలో ఆ గదిలో అంత గట్టి ఆమెన్ నేనెప్పుడూ వినలే.